బర్మా కాందిశీకులు

బ్రిటిషు పాలనాకాలంలో జీవనోపాధికై బర్మా (నేటి మయన్మార్) వెళ్ళి స్థిరపడి, 1942లోను, 1962 తరువాతను తిరిగివచ్చిన భారతీయులను, వారి సంతతిని బర్మా కాందిశీకులు అంటారు. వీరిలో తమిళులు, తెలుగువారు ముఖ్యులు. వాడుకలో కాందిశీకులన్న పేరు స్థిరపడినా, 1960వ దశకంలో వచ్చినవారిని భారత ప్రభుత్వం విదేశీ శరణార్థులుగా కాక, స్వదేశానికి తిరిగివచ్చినవారిగా పరిగణించింది.

నేపథ్యం

1852లో దిగువ బర్మా బ్రిటిషువారి వశమైన తరువాత అక్కడ వరిసాగు, బియ్యం ఎగుమతి విస్తరించి కూలీల అవసరం పెరిగింది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి వేలాదిమంది ఓడలపై రంగూన్ చేరి రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేశారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగువారిని "కొరంగీలు" అనేవారు. 1930 మే నెలలో రేవు పని విషయమై తెలుగు, బర్మా కూలీల మధ్య అల్లర్లు చెలరేగి వందమందికి పైగా మరణించారు. 1937లో బర్మా భారతదేశం నుండి వేరు చేయబడింది.

రెండు వలసలు

1941 డిసెంబరులో జపాను రంగూన్‌పై బాంబులు వేసింది. 1942లో సుమారు 5 లక్షలమంది భారతదేశానికి తరలారు. ఓడలలో చోటు దొరకనివారు అరకాన్, మణిపూర్ అడవుల గుండా నడిచారు. ఆకలితోను, కలరా, మలేరియా వ్యాధులతోను వేలాదిమంది దారిలోనే మరణించారు.

1962 మార్చి 2న జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకొన్నాడు. ఆ తరువాత దుకాణాలు, మిల్లులు జాతీయం చేయబడ్డాయి. 1964 మే నెలలో 50, 100 చాట్‌ల నోట్లు రద్దయ్యాయి. ఆ దశకంలో సుమారు 3 లక్షలమంది భారతీయులు బర్మా విడిచారని అంచనా. పరిమితమైన సొమ్ము, నగలు తప్ప తక్కిన ఆస్తిని వారు అక్కడే వదలవలసి వచ్చింది.

పునరావాసం

1964 అక్టోబరు 30న భారత, సింహళ ప్రభుత్వాల మధ్య జరిగిన సిరిమావో-శాస్త్రి ఒప్పందం 5,25,000 మందిని 15 సంవత్సరాలలో భారతదేశానికి రప్పించాలని నిర్దేశించింది. బర్మా విషయంలో ఇటువంటి సంఖ్య గాని, గడువు గాని లేకపోవుటచే ప్రజలు ఒక్కుమ్మడిగా వచ్చిపడ్డారు. భారత ప్రభుత్వం వారి కొరకు ఓడలు నడిపింది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి శిబిరాలు, ఇళ్ళు, చిరువ్యాపారాలకు అప్పులు సమకూర్చాయి.

ఈ సహకారానికి స్థిరమైన రూపం 1969లో మద్రాసులో స్థాపించబడిన రెప్కో బ్యాంకు. బర్మా, శ్రీలంకల నుండి తిరిగివచ్చినవారికై ఏర్పడిన ఈ సహకార బ్యాంకులో కేంద్ర ప్రభుత్వంతో పాటు దక్షిణాది రాష్ట్ర ప్రభుత్వాలు, తిరిగివచ్చినవారు వాటాదారులు. విశాఖపట్నంలో కంచరపాలెం వద్ద ఉన్న బర్మా క్యాంపు పేరు నాటి వలసను నేటికీ గుర్తుచేస్తుంది.

ఇవి కూడా చూడండి

- మయన్మార్
- కోరంగి
- కంచరపాలెం
- సిరిమావో-శాస్త్రి ఒప్పందం