అంచెల పద్ధతి: గాయపడిన కాలికీ, కొత్త డ్రైవరుకూ ఒకే పాఠం

గాయం వల్ల ఆగిన పరుగును తిరిగి మొదలుపెట్టవలసిన వయసూ, పిల్లలకు కారు నడపడం నేర్పవలసిన వయసూ చాలా ఇళ్లలో ఒకేసారి వస్తాయి. నలభై దాటిన తల్లి లేదా తండ్రి ఉదయం తన మడమను కాచుకుంటూ కాసేపు నడిచి, కాసేపు పరుగెత్తి, సాయంత్రం పక్క సీటులో కూర్చుని కూతురికో కొడుకుకో బ్రేకు ఎప్పుడు వేయాలో చెబుతూ ఉండవలసి వస్తుంది. ఈ రెండు పనులనూ నేడు నడిపించే సూత్రం ఒకటే: భారాన్ని కొద్దికొద్దిగా పెంచాలి, ఒక అంచె కుదిరాకే తరువాతి అంచెకు వెళ్లాలి. ఎప్పటినుంచో ఉన్నట్టు కనిపించే ఈ సూత్రాన్ని వైద్యమూ, రవాణా చట్టమూ ఇరవయ్యో శతాబ్దంలోనే, వేర్వేరు దారుల్లో, ఎంతో నష్టం జరిగాక అందిపుచ్చుకున్నాయి.

ఎముక తన మీద పడే భారానికి అనుగుణంగా తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే ప్రతిపాదించినా, ఆ తరువాత చాలా కాలం పాటు గాయానికైనా, గుండెపోటుకైనా వైద్యులు ముందుగా రాసిన మందు విశ్రాంతే. గుండెపోటు వచ్చినవారిని వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లూ, తొడలూ దెబ్బతిన్న సైనికులతో అమెరికా ఆసుపత్రులు నిండిపోయినప్పుడు, థామస్ డిలోర్మ్ అనే సైనిక వైద్యుడు వారి చేత బరువులు ఎత్తించి, బలం పెరిగినకొద్దీ బరువును పెంచుతూ పోయి, ఆ అనుభవాన్ని 1945లో ప్రకటించాడు. విశ్రాంతి చేసే హాని ఎంతటిదో 1966లో డల్లాస్‌లో జరిగిన పరిశోధన మరింత స్పష్టంగా చూపింది. ఆరోగ్యవంతులైన అయిదుగురు యువకులు మూడు వారాలు మంచం మీదే గడపగా, శ్రమించేటప్పుడు శరీరం వాడుకోగల ప్రాణవాయువు పరిమాణం వారిలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అదే అయిదుగురిని ముప్పయ్యేళ్ల తరువాత మళ్లీ పరీక్షించినప్పుడు, ఆ ముప్పయ్యేళ్ల వయోభారం చేసిన నష్టం కన్నా నాటి మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది.

పరుగు సామాన్యుల వ్యాయామంగా మారిన కథలో న్యూజిలాండ్‌ది పెద్ద స్థానం. ఆక్లండ్‌లో చెప్పుల కర్మాగారంలో పనిచేసిన ఆర్థర్ లిడియార్డ్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని రూపొందించిన శిక్షణతో పీటర్ స్నెల్, మరే హాల్‌బెర్గ్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు స్వర్ణ పతకాలు గెలుచుకున్నారు; వీరిలో హాల్‌బెర్గ్ కౌమారంలో రగ్బీ ఆడుతూ ఎడమ చేతి పటుత్వం కోల్పోయి, ఆ తరువాత పరుగు వైపు మళ్లినవాడు. అయితే లిడియార్డ్ చేసిన అసలైన మేలు పతకాల్లో కన్నా 1960ల తొలినాళ్లలో ఆక్లండ్‌లో నడివయసువారినీ, గుండెపోటు నుంచి కోలుకున్నవారినీ కూడగట్టి, మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా పరుగెత్తించడంలోనే ఉంది. 1962 చివర అక్కడికి వచ్చిన అమెరికన్ శిక్షకుడు బిల్ బవర్‌మన్, తనకన్నా ఎంతో పెద్దవాడైన ఒక హృద్రోగితో సమానంగా పరుగెత్తలేకపోయి, ఆ విస్మయంతోనే ఒరెగాన్‌కు తిరిగి వెళ్లి సామాన్యుల కోసం తరగతులు నడిపాడు. 1967లో ఒక హృద్రోగ వైద్యుడితో కలిసి జాగింగ్ మీద రాసిన పుస్తకంతో ఆ పద్ధతి అమెరికా అంతటా పాకింది.

జాగింగ్ పెరిగినకొద్దీ దాని గాయాలూ పెరిగాయి. పిక్క కండరాన్ని మడమ ఎముకకు కట్టి ఉంచే అకిలీజ్ స్నాయుబంధనం రక్తప్రసరణ తక్కువగా ఉండే కణజాలం కావడంతో మెల్లగా మానుతుంది, నడివయసు పరుగువారిని తరచుగా వేధిస్తుంది. స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రకటించిన అధ్యయనంలో సగటున 44 ఏళ్ల వయసున్న పదిహేనుమంది మెట్టు అంచున నిలబడి, నొప్పి ఉన్న కాలి మీద బరువు మోపి మడమను నెమ్మదిగా కిందికి దించే వ్యాయామాన్ని రోజుకు 180 సార్లు, పన్నెండు వారాల పాటు చేసి, అందరూ తిరిగి పరుగులోకి వచ్చారు. నొప్పి తగ్గగానే వీపు సంచిలో బరువు వేసి భారం పెంచమన్నది అందులోని నియమం.

వాహన శిక్షణ దీనికి భిన్నమైన దారిలో నడిచింది. 1934లో పెన్సిల్వేనియాలో ఏమస్ నైహార్ట్ తన సొంత కారులో ఉన్నత పాఠశాల విద్యార్థులకు నేర్పడం మొదలుపెట్టిన తరువాత, తరగతి గదిలో బాగా బోధిస్తే చాలు, ప్రమాదాలు తగ్గుతాయన్న నమ్మకం అమెరికాలో దశాబ్దాల పాటు కొనసాగింది. జార్జియాలోని డికాల్బ్ కౌంటీలో సుమారు 16,000 మంది విద్యార్థులతో జరిగిన పెద్ద అధ్యయనం 1980ల తొలినాళ్లలో ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది: శిక్షణ వల్ల శాశ్వతమైన రక్షణ కనిపించలేదు. లోపం నైపుణ్యంలో కాక అనుభవంలో ఉందనీ, చీకటీ, తోటివయసు ప్రయాణికులూ కొత్త డ్రైవరుకు మోయలేని భారమవుతాయనీ గుర్తించిన పరిశోధకులు అంచెలవారీ లైసెన్సును సూచించారు. తొలి అంచెలో పక్కన పెద్దవారు ఉండాలి. రెండో అంచెలో ఒంటరిగా నడపవచ్చు గానీ రాత్రిపూటా, ప్రయాణికులతోనూ నడపకూడదు. ఆ తరువాతే పూర్తి స్వేచ్ఛ. దీన్ని సమగ్రంగా మొదట అమలు చేసిన దేశం కూడా, 1987లో, న్యూజిలాండే; అమెరికాలో 1996లో ఫ్లోరిడా ఆ దారి పట్టింది.

విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పద్ధతి కొత్త బాధ్యతను తెచ్చింది. కాలిఫోర్నియాలో పద్దెనిమిదేళ్ల లోపువారు పెద్దల పర్యవేక్షణలో 50 గంటలు, అందులో 10 గంటలు రాత్రిపూట నడిపినట్టు తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం చేయాలి. స్వదేశంలోని డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని వెళ్లిన తరానికి పక్క సీటు గురువు పాత్ర పూర్తిగా కొత్తది. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం కారుకు 18 ఏళ్ల కనీస వయసు పెట్టి, అందరూ ఎల్ఎల్ఆర్ అని పిలిచే లెర్నర్ లైసెన్సుతో ఒకే ఒక తొలి అంచెను ఏర్పరచింది. అది చేతికి వచ్చిన 30 రోజుల తరువాత పరీక్షకు వెళ్లవచ్చు, నెగ్గితే ఆ రాత్రే స్నేహితులను ఎక్కించుకుని రహదారి ఎక్కవచ్చు. మైనర్లు బండి నడిపితే సంరక్షకుడికీ, యజమానికీ జైలు శిక్షను, 25,000 రూపాయల జరిమానాను 2019 సవరణ తెచ్చింది గానీ, లైసెన్సు పొందిన యువకుడికి అవసరమైన మధ్య అంచెకు మాత్రం ఆ సవరణలోనూ చోటు దక్కలేదు.