నాలుగు గంటల పొరుగు: ఉద్దానం డయాలసిస్ వార్డుల్లో సిబ్బందికీ రోగి కుటుంబాలకూ మధ్య స్నేహం

ఆసుపత్రి సిబ్బందికీ రోగి బంధువులకూ మధ్య కుదిరే స్నేహాన్ని వైద్యనీతి గ్రంథాలు ఎక్కువగా హద్దుల ప్రస్తావనలోనే పట్టించుకున్నాయి. సిబ్బంది ఎక్కడ ఆగాలి, ఏది పుచ్చుకోకూడదు, ఏ మాట బయటికి పోకూడదు అన్నవే వాటి ప్రశ్నలు. అవి అవసరమైన ప్రశ్నలే. అయితే వాటి వెనకున్న ఆసుపత్రి వేరు. అక్కడ బంధువు పలకరించడానికి వచ్చి, సమయం కాగానే వెళ్లిపోయే మనిషి. మన ప్రభుత్వాసుపత్రిలో అటెండెంట్ లేనిదే వార్డు నడవదు. స్ట్రెచర్ తోయడానికి చెయ్యి వేసేదీ, రక్తం సీసా ల్యాబుకు పట్టుకెళ్లేదీ, సెలైన్ అయిపోవస్తోందని సిస్టర్‌ని కేకేసేదీ అటెండెంటే.

షాహదుజ్జమాన్ బంగ్లాదేశ్‌లోని ఒక బోధనాసుపత్రి ఆర్థోపెడిక్ వార్డుపై చేసిన అధ్యయనం 2005లో పుస్తకంగా వచ్చింది. స్వయంగా వైద్యుడైన ఆయన ఆ వార్డులో చూసింది మనకు కొత్త కాదు. నర్సుల సమయం కాగితాల పనికే పోతుంది. మంచం దగ్గర సేవంతా బంధువుల మీదా, వార్డుబాయ్‌ల వంటి కింది స్థాయి సిబ్బంది మీదా పడుతుంది. వీళ్లిద్దరి మధ్య చేబదుళ్లూ కసుర్లూ ఆప్యాయతలూ అన్నీ నడుస్తాయి. ఈ స్నేహాన్ని ముందు ఒకే పని పంచుకున్నవాళ్ల స్నేహంగా చూడాలని నా వాదన. హద్దుల మాట ఆ తర్వాతే తేలుతుంది.

దీన్ని పరిశీలించడానికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కంటే తగిన చోటు తెలుగునాట మరొకటి లేదనిపిస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం పరిసరాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు పాతుకుపోయింది. నీళ్లు, ఎండ, పురుగుమందులు, నొప్పి మాత్రలు అంటూ ఎన్నో కారణాలను పరిశోధకులు శోధించినా, ఇదీ అని ఒక్కటి తేలలేదు. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ ప్రయాణమే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, స్థానిక ఆసుపత్రుల్లో వచ్చిన డయాలసిస్ కేంద్రాలు, 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఆ దూరాన్ని తగ్గించాయి. దూరం తగ్గడంతో సంబంధం తీరూ మారింది. సూది గుచ్చే టెక్నీషియన్ పక్క ఊరివాడు కావచ్చు. ఒకే ఊళ్లో ఎందరో రోగులున్న నేల మీద, యంత్రం దగ్గర పనిచేసేవాళ్లకు ఈ జబ్బు పరాయి ఇంటి సంగతి కాదు.

డయాలసిస్‌కు ఒక్కో విడత సుమారు నాలుగు గంటలు. వారానికి రెండు మూడు సార్లు, కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప బతికినన్నాళ్లూ. శస్త్రచికిత్స వార్డులో కుటుంబం వారం పది రోజులుండి వెళ్లిపోతుంది. ఇక్కడ అదే సిస్టర్, అదే టెక్నీషియన్, అదే ఆయా ఏళ్ల తరబడి కనిపిస్తారు. పిల్ల పెళ్లి, జీడి ధర, అత్తగారి మోకాలి నొప్పి అన్నీ ఆ నాలుగు గంటల్లోనే మాటకొస్తాయి. 'అక్కా', 'తమ్ముడూ' అనే పిలుపులు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరికీ గుర్తుండదు.

ఈ కబుర్లు కాలక్షేపం కాదు, వైద్యంలో భాగం. రోగి రాగానే బరువు చూస్తారు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండవలసిన బరువును డ్రై వెయిట్ అంటారు. దాని కంటే ఎంత పెరిగాడో లెక్కగట్టి అంత నీరు తీస్తారు. ఎక్కువ తీస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి. తక్కువ తీస్తే ఆయాసం. ఇందులో చిక్కేమిటంటే, రోగి కొన్ని వారాలుగా సరిగా తినక కండ కరిగిపోతే, ఆ లోటును నీరు పూడుస్తుంది. త్రాసు మీద అంకె మారదు, ఒంట్లో నీరు మాత్రం మిగిలిపోతుంది. "మునుపటిలా తినడం లేదమ్మా, చొక్కా వదులైపోయింది" అని భార్య సిస్టర్‌తో చెప్పిన మాటే డ్రై వెయిట్‌ను మళ్లీ చూడాలన్న సూచన. రోగి దాహం ఆపుకోలేక తాగిన చెంబెడు నీళ్ల సంగతి, పొటాషియం ఎక్కువని వద్దన్న కొబ్బరిబొండం తోటలో కొట్టించుకు తాగిన సంగతి ఇంటివాళ్ల నోటే రావాలి. తిడతారని భయపడే చోట ఆ నిజం బయటపడదు. స్నేహమున్న చోట వస్తుంది. అందుకే సిబ్బందిని ఎడంగా ఉండమని బోధించే శిక్షణ ఇలాంటి వార్డులో రోగికే చేటు చేస్తుందని నేను నమ్ముతున్నాను.

మరి హద్దు ఎక్కడ? నా దృష్టిలో అది ఆప్యాయత దగ్గర కాదు, వంతు దగ్గర ఉంది. యంత్రాలు పరిమితం, షిఫ్టులు పరిమితం. పొద్దున షిఫ్టు దొరికినవాళ్లు మధ్యాహ్నానికి ఇల్లు చేరతారు. చివరి షిఫ్టువాళ్లు రాత్రి బస్సు వెతుక్కోవాలి. ఇంట్లో పెళ్లి ఉందనో పండగ ఉందనో షిఫ్టు మార్చమని అడగడం సహజమే, మార్చడమూ మానవత్వమే. కానీ ఆ మార్పు తెలిసినవాళ్లకే దక్కుతూ పోతే, మాటకారితనం లేని కుటుంబం, ఒడియా తప్ప తెలుగు సరిగా రాని సరిహద్దు ఊరి కుటుంబం ఎప్పుడూ చివరి వరసలోనే ఉంటాయి. తోటలోంచి తెచ్చిన పనసపండు వార్డులో అందరూ పంచుకుంటే అది ప్రేమ. షిఫ్టు మారిన మర్నాడే వస్తే మిగతావాళ్లు దాన్ని లంచంగానే చూస్తారు, ఇచ్చినవాళ్ల మనసు ఎంత శుభ్రమైనదైనా సరే. షిఫ్టుల పట్టికను అందరికీ కనబడేలా గోడకు అతికించి, మార్పులకు కారణం రాసిపెడితే సిబ్బందికి స్నేహం భారం కాదు. అడిగినవాళ్లకు పట్టిక చూపించవచ్చు, స్నేహాన్ని పణంగా పెట్టనక్కర్లేదు.

ఉద్యోగ భద్రత సంగతీ ఇక్కడే చెప్పాలి. 2016లో ప్రకటించిన జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం మీద నడుస్తుంది. స్థలం, కరెంటు, నీరు ప్రభుత్వాసుపత్రివి. యంత్రాలూ వాటిని నడిపే మనుషులూ ఒప్పంద సంస్థవి. ఒప్పందం మారినప్పుడు టెక్నీషియన్లూ మారితే, ఏ చేతి ఫిస్టులాకు (డయాలసిస్ సూది కోసం ధమనినీ సిరనూ కలిపిన చోటుకు) ఏ కోణంలో సూది దిగుతుందో ఎరిగిన చెయ్యి కుటుంబానికి దూరమవుతుంది. టెండరు పత్రంలో యంత్రాల సంఖ్యకు గడి ఉంటుంది. ఈ ఎరుకకూ ఒకటి ఉండాలి.

అన్నిటికంటే తక్కువ ఆలోచించింది మరణానంతరం గురించి. రోగి పోయిన మర్నాడు ఆ మంచం, ఆ షిఫ్టు మరొకరికి వెళతాయి, వెళ్లాలి కూడా. కానీ వారానికి మూడుసార్లు కలిసిన కుటుంబం ఒక్కసారిగా కనబడకుండా పోతుంది. సిబ్బంది దుఃఖానికి డ్యూటీ చార్టులో చోటు లేదు. కోళికోడ్ వైద్య కళాశాలలో 1993లో మొదలైన నొప్పి నివారణ క్లినిక్ నుంచి ఎదిగిన కేరళ ఉపశమన సేవ, రోగి పోయాక కూడా ఆ ఇంటి గడప తొక్కడాన్ని సేవలో భాగంగానే చూసింది. ఉద్దానంలో అంత పెద్ద ఏర్పాటు లేకపోయినా, పెద్దకర్మకు వెళ్లొచ్చేందుకు సిస్టర్‌కో టెక్నీషియన్‌కో ఒక పూట సెలవు, వెళ్లిన ఆ పూటకు బదులు మనిషి, ఈ రెండూ డయాలసిస్ కేంద్రం నిబంధనల్లో రాయవచ్చు. ఒప్పంద సిబ్బందికి ఆ పూట జీతం కోత పడకూడదు.