చేతి కదలికలను కొలిచే మెత్తని సెన్సర్లు

పక్షవాత బాధితుని వేళ్లు ఎంతమేరకు ముడుచుకుంటున్నాయో తెలుసుకొనుటకు గట్టి పరికరం తొడిగితే, కదలికకు అదే అడ్డమవుతుంది. మెత్తని సెన్సర్ల అవసరం ఇక్కడే ఏర్పడినది. 1977లో చికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో రూపొందించిన సేయర్ గ్లవ్‌లో, వంగే గొట్టాల గుండా వచ్చే కాంతి తగ్గుదలను బట్టి వేలి వంపును గుర్తించేవారు. 2012లో హార్వర్డ్ పరిశోధకులు సిలికాన్ రబ్బరులోని సన్నని నాళాలలో గాలియం, ఇండియంల ద్రవలోహ మిశ్రమాన్ని నింపి, సాగే సెన్సరును వెల్లడించారు. ఈ మిశ్రమం సుమారు 15.5 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరుగుతుంది. అటువంటి పొరను వేలి కీలుపై అమర్చినపుడు, వేలు వంగితే రబ్బరు సాగి నాళం పొడవై సన్నబడుతుంది; విద్యున్నిరోధం పెరుగుతుంది. ఆ పెరుగుదలే వంపునకు కొలత. అయితే ఏ ఇద్దరి చేతులూ ఒకే కొలతలో ఉండవు గనుక, తొడిగిన ప్రతి వ్యక్తికీ సెన్సరును విడిగా సరిచూడవలసి ఉంటుంది. బొటనవేలి మూలంలోని కీలు ఒకటికి మించిన దిశలలో కదులుతుంది. అక్కడ ఒక్క సెన్సరు చాలదు.