నేరం కలకత్తాదేనా?

హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి పాతతరం అభిమాని ఎవరిని కదిపినా మాట చివరికి కలకత్తా మీదికే పోతుంది. మన పిల్లల్ని వాళ్లు ఎగరేసుకుపోయారు, అందుకే సిటీ పోలీస్ జట్టు చితికిపోయింది అంటారు. నేనూ ఆ జట్టు పక్షమే. ఆ మాట వింటూ పెరిగినవాణ్నే. కానీ రికార్డు ముందు పెట్టుకుని చూస్తే ఈ ఫిర్యాదు 1957 దగ్గరే చిక్కుకుంటుంది. తుల్సీదాస్ బలరాం పోలీసు జట్టు విడిచి ఈస్ట్ బెంగాల్‌లో చేరింది ఆ ఏడాదే. అప్పటికి మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడివచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడు. అంతటివాడు వెళ్లిపోతే ఏ జట్టయినా కుంగాలి. పోలీసు జట్టు కుంగలేదు సరికదా, ఆ ఏడు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఢిల్లీలో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. ఆ డ్యూరాండ్ ఫైనల్లో 2-1 తేడాతో ఓడింది మరెవరో కాదు, బలరాం చేరిన ఈస్ట్ బెంగాలే. అదే సీజన్లో సంతోష్ ట్రోఫీ వరసగా రెండోసారి హైదరాబాద్‌కే వచ్చింది.

ఆటగాళ్లు పోవడమే పతనానికి కారణమైతే అది అప్పుడే మొదలవ్వాలి. మొదలుకాలేదంటే అసలు కారణం వేరే చోట ఉంది.

నిజాం రాజ్యంలో ఫుట్‌బాల్ రెండు దారుల్లో వేళ్లూనుకుంది. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో తెల్లదొరల పటాలాలు ఆడేవి. చూసి నేర్చుకున్న బొల్లారం, అమ్ముగూడ పిల్లలు వాళ్లతోనే తలపడేవారు. ఇటు పాత నగరం అంచున, అరబ్బు సిపాయిల కుటుంబాలు స్థిరపడిన బార్కస్‌లో బంతి ఇంటింటి వ్యవహారం. ఈ చెదురుమదురు ఆటను ఒక గొడుగు కిందికి తెచ్చే ప్రయత్నం 1930ల చివర్లో, ఫుట్‌బాల్ అసోసియేషన్‌తో మొదలైంది. ఆ తొలినాళ్ల పెద్దల్లో ఎస్.ఎం. హాదీ ఒకరు. డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడి, రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టిన హాదీయే ఆయన. ఒకే మనిషి ఇన్ని ఆటలాడిన కాలం అది. పోలీసు జట్టుకు దేశవ్యాప్తంగా పేరు వచ్చింది 1943లో. బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్‌ఫోర్స్ జట్టును ఓడించింది. ఆ జట్టులో ఇంగ్లండ్ ఆటగాడు డెనిస్ కాంప్టన్ ఉన్నాడు.

అసోసియేషన్ కార్యదర్శి పదవి సయ్యద్ అబ్దుల్ రహీం చేతికి వచ్చింది కూడా 1943లోనే. వృత్తి రీత్యా బడిపంతులు. ఉస్మానియాలో బీఏ చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1950 నాటికి పోలీసు జట్టుకూ, ఆ తర్వాత దేశం జట్టుకూ శిక్షణ బాధ్యత ఆయనదే. ఈ మూడు బరువులూ 1963లో కన్నుమూసేదాకా మోశారు.

ఆయన పద్ధతి కాస్త దగ్గరగా చూడాలి. అప్పటి మన ఆటలో బంతి కాలికి దొరికితే వదలడం ఉండేది కాదు. ముగ్గురిని తప్పించినవాడికి చప్పట్లు, ఖాళీగా నిలబడ్డ తోటివాడికి బంతి ఇచ్చినవాణ్ని ఎవరూ చూడరు. రహీం దీన్ని ఉపన్యాసాలతో కాక పోటీలతో మాన్పించారు. డ్రిబ్లింగ్ చేయకూడదన్న షరతుతో కుర్రాళ్లకు టోర్నమెంట్లు పెట్టారు. బంతి రాగానే ఎవరికి ఇవ్వాలో ముందే చూసి ఉంచుకోవాలి, లేదంటే ఆట సాగదు. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో తడబడుతుంటే చుట్టూ నవ్వులు. రెండు సీజన్లు గడిచేసరికి ఆ కుర్రాడికి రెండు కాళ్లూ ఒకటే. ఇవన్నీ పెద్ద ఖర్చులేని పనులు, బడిపంతులుకే తట్టే పనులు. అమ్ముగూడ నుంచి ప్రాక్టీసుకు వచ్చే స్తోమత బలరాంకు లేకపోతే అద్దె సైకిలుకు డబ్బులు రహీమే ఇచ్చారు. బలరాం పోలీసు జట్టుకు దొరికింది ఆ సైకిలు మీదే.

ఇక విజయాలు. హైదరాబాద్ మీద 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నగరం ఇంకా ఆ కుదుపు నుంచి తేరుకుంటూనే ఉంది. రెండేళ్లకు, 1950లో, ఆ నగరపు పోలీసుల జట్టు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్, ఢిల్లీ వెళ్లి డ్యూరాండ్ కప్ పట్టుకొచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత జరిగిన మొదటి డ్యూరాండ్ అది. ఫైనల్లో మోహన్ బగాన్‌తో 2-2గా ముగిస్తే, మళ్లీ ఆడించిన మ్యాచ్‌లో 1-0తో గెలిచారు. చరిత్రకారులు ఈ రెండు సంఘటనల్నీ వేర్వేరు పుస్తకాల్లో రాస్తారు గానీ, ఆనాటి అభిమానికి రెండూ ఒకే జ్ఞాపకం అయివుంటాయని నా నమ్మకం. దేశమంతా తమను అనుమానంగా చూస్తున్నదనిపించిన రోజుల్లో ఆ దేశపు రాజధాని నడిబొడ్డున నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయిన్ లాంటి వాళ్లకు చప్పట్లు కొట్టారు. ఈ జట్టు మీద హైదరాబాదీలకున్న మమకారానికి మూలం ట్రోఫీల లెక్కలో మాత్రమే వెతికితే దొరకదు.

లెక్క కూడా తక్కువదేం కాదు. రోవర్స్ కప్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు, ఆపైన ఈస్ట్ బెంగాల్‌తో పంచుకున్న దాన్ని కూడా కలిపితే మరో నాలుగు. డ్యూరాండ్ నాలుగు. నడుమ రాష్ట్రం మారి, కొన్నాళ్లకు జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న 1956 భారత జట్టులో హైదరాబాద్ వాళ్లే సగం అన్నట్టు ఉండేది. జకార్తాలో 1962 సెప్టెంబరు 4న దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచినప్పుడు రహీం కేన్సర్‌తో ఉన్నారు. 1963 జూన్ 11న పోయారు.

ఆ సీజన్లో జట్టు ఆడిన తీరే ఈ కథకు ఆయువుపట్టు. గురువు పోయిన కొద్ది నెలలకే ఆంధ్రప్రదేశ్ పోలీస్ రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్‌లోనూ ఫైనల్ దాకా వెళ్లి మోహన్ బగాన్ చేతిలో 2-0తో ఓడింది. అంటే ఆయన తయారు చేసిన మనుషులు ఇంకా ఉన్నారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలవడమూ ఆ మిగులులోంచి వచ్చిందే. తర్వాత రోవర్స్ మీద గానీ డ్యూరాండ్ మీద గానీ పోలీసు జట్టు పేరు చెక్కలేదు. పాతవాళ్ల కాళ్లు బరువెక్కాయి. కొత్తవాళ్లు రాలేదు.

రాలేదంటే హైదరాబాద్ ఆటగాళ్లను కనడం మానేసిందని కాదు. నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్, ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్... అందరూ ఈ జంటనగరాల వాళ్లే. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. కలకత్తా ఆయన్ని ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకుంది. అభిమానుల ఫిర్యాదుకు బలం ఇక్కడే. నేను దాన్ని కొట్టిపారేయను. కానిస్టేబుల్ జీతానికీ కలకత్తా క్లబ్బు ఇచ్చే డబ్బుకూ పోలికే లేదు. అయినా జీవితమంతా పోలీసు జట్టుకే ఆడిన యూసుఫ్ ఖాన్ లాంటి వాళ్లూ ఉన్నారు. జకార్తా స్వర్ణ జట్టు సభ్యుడు, అర్జున అవార్డు గ్రహీత. ఆయన్ని ఆపింది ఏమిటో ఎవరూ అడగరు, బలరాం ఎందుకు వెళ్లాడనే అడుగుతారు.

నా దృష్టిలో తేడా ఇది. 1957లో ఒక బలరాం వెళితే వరసలో ఇంకొకడు సిద్ధంగా ఉన్నాడు. 1966లో హబీబ్ వెళితే వెనక వరసే లేదు. ఆ వరసను తయారుచేసే యంత్రం బడుల్లో, బస్తీల్లో, వాటం లేని కాలి పోటీల్లో ఉండేది. దాన్ని తిప్పిన చెయ్యి ఒక్కటే. అసోసియేషన్, పోలీసు జట్టు, దేశం జట్టు – మూడూ రహీం దగ్గరే ఉండటం ఆయన ఉన్నన్నాళ్లు వరం. పోయాక మూడింటికీ ఒకేసారి దెబ్బ. ఆయన స్థానంలో ఒక మనిషిని పెట్టడం కాదు, ఆ పనులు చేసే ఏర్పాటు ఒకటి నిలబెట్టి ఉండాల్సింది. పైగా అది ఒక శాఖ జట్టు. శాఖకు శాంతిభద్రతలు ముందు, బంతి తర్వాత. క్లబ్బులో అభిమాని సభ్యత్వం తీసుకుని ఎన్నికల్లో కేకలేయగలడు, కలకత్తాలో వేశారు కూడా. పోలీసు జట్టు అభిమానికి ఆ దారి లేదు. మైదానంలో అరవడం వరకే అతని హక్కు. అతని విధేయతకు జట్టు మీద ఏ పట్టూ లేకపోయింది. ఈ సంగతి చెబితే పాతవాళ్లకు కోపం వస్తుంది. కలకత్తాను తిట్టడంలో ఉన్న సుఖం ఇందులో లేదు.

ఐదుసార్లు వరసగా గెలిచిన ఆ రోవర్స్ కప్పే 2001 తర్వాత జరగడం లేదు. నగరానికి మళ్లీ పెద్ద జట్టు వచ్చింది 2019లో, హైదరాబాద్ ఎఫ్‌సీ రూపంలో. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఓటమి అంచున 88వ నిమిషంలో స్కోరు సమం చేసిన సాహిల్ తవోరా, మూడు పెనాల్టీలు ఆపిన కట్టిమణి ఇద్దరూ గోవావాళ్లే. ఒకప్పుడు హైదరాబాద్ పిల్లలు కలకత్తాకు కప్పులు గెలిచిపెట్టారు, ఇప్పుడు గోవా పిల్లలు హైదరాబాద్‌కు గెలిచిపెట్టారు. నేనైతే ఆ రాత్రి లెక్కలు చూడలేదు, గొంతు పోయేదాకా అరిచాను. రెండేళ్లకు అదే జట్టు పట్టికలో అట్టడుగున తేలింది. 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. ఈసారి వెళ్లింది ఒక ఆటగాడు కాదు, జట్టుకు జట్టే. కొత్త తరం అభిమానులు ఇప్పుడు ఢిల్లీని తిడుతున్నారు.