పిల్లికూతలు

ఉబ్బసం చరిత్ర అనగానే అందరూ ఇన్‌హేలర్ల గురించే రాస్తారు. నాకైతే అందులో అసలు కథ ఒక చిన్న ప్రశ్నది అనిపిస్తుంది.

1846లో హచిన్సన్ స్పైరోమీటరు, 1959లో రైట్ పీక్ ఫ్లో మీటరు వచ్చాయి. రెండూ గట్టిగా ఊదితేనే పనిచేస్తాయి. మూడేళ్ళవాణ్ణి కూర్చోబెట్టి ఊదరా అంటే ఊదుతాడా? పైగా ఇది వచ్చిపోయే జబ్బు. రాత్రంతా దగ్గిన పిల్లాడు పొద్దున డాక్టరు ముందు హాయిగా ఆడుకుంటూ ఉంటాడు. (మా బగ్గులూ అంతేలెండి, ఎవరైనా వచ్చి చూస్తే కనబడవు!)

1983లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో న్యూకాజిల్ ప్రాంతపు ఏడేళ్ళ పిల్లల సర్వే ఒకటి వచ్చింది. పిల్లికూతలొచ్చే పిల్లల్లో ఎక్కువమంది తల్లిదండ్రులకి ఆస్తమా అన్న మాటే ఎవరూ చెప్పలేదని తేలింది. ఆ పేరు పడకపోతే సరైన మందూ పడదు మరి.

1991లో మొదలైన ఐసాక్ అనే అంతర్జాతీయ అధ్యయనం మీటర్లతో కాకుండా ప్రశ్నతో మొదలెట్టింది: గత 12 నెలల్లో ఛాతీలో కూతలు వచ్చాయా? చిక్కేమిటంటే, ఇంగ్లీషు 'వీజ్'కి అన్ని భాషల్లోనూ సరైన మాట దొరకదు. అందుకే 13-14 ఏళ్ళవాళ్ళకి వీడియో కూడా తయారుచేశారు. మనకా బాధ లేదు, పిల్లికూతలంటే అమ్మమ్మలకీ తెలుసు.

అవునన్నంత మాత్రాన ఆస్తమా అని కాదు, పసిపిల్లలకి జలుబులోనూ కూతలొస్తాయి. కానీ టీకాకి వెళ్ళినప్పుడు డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి, రాత్రి దగ్గు సంగతితో సహా.