ఆకుపచ్చ సూర్యుడు, దిక్కు మార్చే గాలి

1883 సెప్టెంబరులో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించాడు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ప్రొఫెసర్ మిచీ స్మిత్ ఆ వెలుగుని పరిశీలించి రాసిపెట్టాడు. కారణం క్రకటోవా. ఆగస్టు 27న పేలిన ఆ అగ్నిపర్వతం ధూళి, పైనున్న తూర్పుగాలితో సుమారు రెండు వారాల్లో భూమధ్యరేఖ వెంట భూమిని చుట్టేసింది. దాంతో అంత ఎత్తున వీచేది తూర్పుగాలేనని శాస్త్రజ్ఞులు అనుకున్నారు.

1908లో బెర్సన్ తూర్పు ఆఫ్రికాలో బెలూన్లు వదిలితే పైన పడమటి గాలి దొరికింది! రెండు గాలులూ వేర్వేరు పొరల్లో ఉంటాయని సర్దిచెప్పుకుంటూ యాభై ఏళ్లు గడిపారు. నేను రక్షణశాఖ లెక్కల్లో పనిచేశాను. రెండు వోచర్లు చూసి ఖాతా తేల్చలేం, నెలనెలా పద్దు ఉండాలి. 1950లలో పసిఫిక్ దీవుల బెలూన్లతో అలాంటి పద్దు తయారైంది. 1960 ప్రాంతంలో అమెరికాలో రీడ్, బ్రిటన్‌లో ఎబ్డన్ విడివిడిగా దాన్ని చూసి అసలు సంగతి పట్టుకున్నారు. గాలి దిక్కు మారుతోంది. తూర్పు, పడమర కలిపి ఒక చక్రానికి సగటున 28 నెలలు. మార్పు పైన మొదలై నెలకి సుమారు కిలోమీటరు చొప్పున దిగుతుంది.

ఎవరు తిప్పుతున్నారు? 1968లో లిండ్జెన్, హోల్టన్ జవాబు చెప్పారు. ఉష్ణమండలపు ఉరుముల మేఘాలు లేపే అలలు పైకి వెళ్లి, తమ వేగంతో వీచే గాలి దగ్గర అణగిపోతూ దాన్ని తమవైపు నెడతాయి. ఆ పొర కిందికి జారాక ఎదురుదిక్కు అలలకి పైన దారి దొరుకుతుంది. ఉష్ణమండలంలో మెల్లగా పైకి లేచే గాలి ఈ దిగుడుకి అడ్డుపడుతుంది కాబట్టి చక్రం నిదానంగా నడుస్తుంది. 1978లో ప్లంబ్, మెకివాన్ ఉప్పునీటి తొట్టి అడుగుని ఊపి ఇదే తిరుగుడు చూపించారు. మన తిరుపతి దగ్గర గాదంకి రాడార్ కూడా 1990ల నుంచి ఇలాంటి గాలుల్నీ అలల్నీ కొలుస్తోంది.

ఇక్కడ మురుంగపాక్కంలో ఈ కథ చెబుతూ, "ఇదీ గడియారమంటే, పంచాంగం కాదు" అని గొప్పగా అంటుండేవాణ్ణి. 2016 మొదట్లో పడమటి గాలి మధ్యలో, సుమారు 23 కిలోమీటర్ల ఎత్తున, తూర్పుగాలి పుట్టుకొచ్చింది. 1953 నుంచి ఉన్న పద్దులో అలాంటిది లేదు. పంచాంగం నమ్మే మిత్రుడొకాయన వదల్లేదు. "ఏమండీ, మీ గడియారం కూడా ఆగిందటగా?"

ఆగింది. గొప్పలు పోవడం నా తప్పే. కానీ ఆగిందని ఆయనకి ఎలా తెలిసింది? ఆ గాలిని చదివే శాస్త్రజ్ఞులే అదే ఏడు పత్రికల్లో రాశారు. ఉత్తరార్ధగోళం నుంచి వచ్చిన అలలే కారణమని లెక్క చూపారు. 2019–20లో రెండోసారి తప్పితే అదీ రాశారు.

తన తప్పు తనే అచ్చువేసుకున్న పంచాంగం ఒక్కటి చూపించమన్నాను. ఇంకా వెతుకుతున్నారు.