యుద్ధంలో గెలుస్తూనే ఓడిపోయిన బ్రిటన్: 1956 సూయజ్ కథ

2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే భారీ ఓడ సూయజ్ కాలువలో అడ్డంగా ఇరుక్కుపోయింది, గుర్తుందా? ఆరు రోజులు ప్రపంచ వ్యాపారం తల పట్టుకు కూర్చుంది. ఈ ఎపిసోడ్‌లో నేను అదే కాలువ దగ్గర 1956లో జరిగిన కథ చెప్తాను. ఒక పాత అగ్రరాజ్యం ఇక అగ్రరాజ్యం కాదని అందరికీ తెలిసిపోయిన కథ అది.

ముందు నేపథ్యం చూద్దాం. 1869లో తెరిచిన ఈ కాలువ మధ్యధరా సముద్రాన్ని ఎర్ర సముద్రంతో కలుపుతుంది. ఇది లేకపోతే ఓడలు ఆఫ్రికా మొత్తం చుట్టి రావాల్సిందే. కాలువ ఉన్నది ఈజిప్టులో. నడిపే కంపెనీలో పెద్ద వాటాలు మాత్రం బ్రిటన్, ఫ్రాన్స్ చేతుల్లో ఉండేవి. యూరప్‌కి గల్ఫ్ చమురు ఎక్కువగా వచ్చేది ఈ దారిలోనే.

అస్వాన్ డ్యామ్‌కి సాయం చేస్తామన్న అమెరికా 1956 జూలై 19న వెనక్కి తగ్గింది. సరిగ్గా వారానికి, జూలై 26న, ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ కాలువ కంపెనీని జాతీయం చేసేశాడు. కాలువ మీద వచ్చే ఆదాయంతో డ్యామ్ కట్టుకుంటామన్నాడు.

బ్రిటన్ ప్రధాని ఈడెన్‌కి ఇది మింగుడుపడలేదు. బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి పారిస్ దగ్గర రహస్యంగా ఒక ఒప్పందం చేసుకున్నాయి. ముందు ఇజ్రాయెల్ దాడి చెయ్యాలి. తర్వాత బ్రిటన్, ఫ్రాన్స్ "తగువు తీర్చే పెద్దమనుషుల్లా" దిగాలి. అక్టోబర్ 29న ఇజ్రాయెల్ దాడి మొదలైంది. నవంబర్ 5న బ్రిటిష్, ఫ్రెంచ్ పారాట్రూపర్లు దిగారు. పోర్ట్ సయీద్ వాళ్ల చేతికి వచ్చింది కూడా.

కానీ మర్నాడే బ్రిటన్ యుద్ధం ఆపేసింది! ఎందుకు? బ్రిటన్ కాళ్లు విరిగింది యుద్ధభూమిలో కాదు, బ్యాంకులో.

అప్పట్లో ఒక పౌండు విలువ 2.80 డాలర్లుగా ఖాయం చేసి ఉండేది. యుద్ధం మొదలవగానే అందరూ పౌండ్లు అమ్ముకోవడం మొదలుపెట్టారు. ఆ రేటు నిలబెట్టాలంటే బ్రిటన్ తన దగ్గరున్న డాలర్లు ఖర్చు పెట్టాలి. నిల్వలు కరిగిపోతున్నాయి. ఐఎంఎఫ్ అప్పు కావాలంటే అమెరికా ఒప్పుకోవాలి. కాల్పులు ఆపి, సైన్యాన్ని వెనక్కి తీసుకుంటేనే అంది అమెరికా. పైగా ఈజిప్టు ఓడల్ని ముంచేసి కాలువ మూసేసింది. చమురు కోసం కూడా అమెరికా వైపే చూడాల్సి వచ్చింది. మరోపక్క సోవియట్ యూనియన్ రాకెట్ల పేరెత్తి బెదిరించింది.

డిసెంబర్‌లో బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు వెళ్లిపోయాయి. 1957 జనవరిలో ఈడెన్ రాజీనామా చేశాడు. కాలువ నాసర్‌కే మిగిలింది. సైనికంగా దెబ్బతిన్నా అరబ్బుల కళ్లలో ఆయన హీరో అయ్యాడు. ఐక్యరాజ్యసమితి శాంతి దళం సరిహద్దులో దిగింది. అందులో మన భారత సైనికులూ ఉన్నారు.

ఇదంతా న్యాయం గెలిచిన కథ అనుకుంటే పొరపాటే. సరిగ్గా అదే వారంలో, నవంబర్ 4న, సోవియట్ ట్యాంకులు బుడాపెస్ట్‌లోకి దూసుకెళ్లి హంగేరీ తిరుగుబాటును అణిచేశాయి. వాళ్లని ఎవరూ ఆపలేకపోయారు. ఎందుకంటే వాళ్ల పీక పట్టుకోగల అప్పు గానీ, చమురు గానీ ఎవరి చేతిలోనూ లేదు. అక్రమం రెండు చోట్లా జరిగింది. ఒకరే వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

అందుకే ఏ దేశం ఎదుగుతోందని విన్నా నేను మిస్సైళ్ల లెక్కతో ఆగను. ఆ దేశం చమురు ఏ ఇరుకు దారిలో వస్తోంది? అప్పు ఎవరి దగ్గర తెచ్చుకుంది? కష్టమొస్తే ఎవరి కరెన్సీ కావాలి? 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద హూతీల దాడులు మొదలైనప్పుడు చాలా కంపెనీలు మళ్లీ ఆఫ్రికా చుట్టూ ఓడలు తిప్పాయి. ఓ పెద్ద నౌకాదళం లేని గుంపు ఆ పని చేయించింది. రేపు మీ ఫోన్‌లో ఇలాంటి వార్త కనిపిస్తే, ఒకసారి మ్యాప్ తెరిచి ఆ దారి ఎక్కడ ఇరుకవుతుందో చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.